మలుపు దగ్గర దిగేవాళ్లం

చిరంజీవి తమ్ముడిని అక్క మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ, మీ బావా, నా కుట్టుమిషనూ ముగ్గురం కులాసాగా ఉన్నాం. అక్కడ నువ్వూ, మరదలూ, పాపా అలాగే ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను. ఈ మాటలన్నీ ఫోనులో చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోనులో అయితే నువ్వు సరిగ్గా నా మాట మధ్యలో "అక్కా, ఎవరో వచ్చారు" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవు. నువ్వే మొదలుపెట్టావు కాబట్టి నేనూ ఉత్తరమే రాస్తున్నాను. తీరిక చేసుకుని కూర్చుని చదువు. మధ్యలో నీకు కోపం వస్తుంది. వచ్చినా చివరిదాకా చదువు.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు చెబుతాను. నీ ఉత్తరంలో అన్నిటికన్నా కింద రాసిన మాటకి మాత్రం జవాబు కిందే ఉంటుంది. ముందే పేజీ తిప్పి చూడకు.

మీ బావ దగ్గు తగ్గింది. తగ్గిందని ఒప్పుకుంటే కూరగాయలు తేవడానికి నేను పంపిస్తానని ఆయన అప్పుడప్పుడూ నా ముందు దగ్గుతున్నారు. టీవీ ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఒక్క దగ్గూ వినపడదు.

షాపు ఎలా నడుస్తోందని అడిగావు. మా సందులో మనుషులు లావెక్కుతున్నంత కాలం నాకు పని కరువు లేదు. నడుములు వదులు చేయడం, జిప్పులు మార్చడం, పొడుగు తగ్గించడం. కిటికీకి ఎదురుగా పక్క మేడ గోడ ఉందని నీకు తెలుసు కదా. దానికి ఈమధ్య పసుపురంగు వేశారు. ఇదివరకు ఎండ పడని బూడిదరంగు గోడని చూసేదాన్ని, ఇప్పుడు ఎండ పడని పసుపురంగు గోడని చూస్తున్నాను.

మరదలు పంపిన చేతికర్ర అందింది. మంచి కర్ర. పిడి నున్నగా ఉండి చేతిలో జారుతుంటే పాత జీన్సు గుడ్డ చుట్టి కుట్టేశాను. తలుపు మూల ఆనించి పెట్టుకోవడానికి పంపి ఉంటే మాత్రం మరదలు పొరపాటు పడిందని చెప్పు. దాని కింద రబ్బరు బిళ్ల అప్పుడే సగం అరిగిపోయింది.

ఇక మోకాలు. నన్నడిగితే బ్రహ్మాండంగా ఉంది. డాక్టరుని అడిగితే "ఈ వయసుకి" అని మొదలుపెడతాడు. ఆ మాటతో మొదలయ్యే ఏ వాక్యాన్నీ నేను చివరిదాకా వినడం మానేశాను. నువ్వు కూడా నీ ఉత్తరంలో రెండో పేరా ఆ మాటతోనే మొదలుపెట్టావు. అయినా నీ మీద అభిమానంకొద్దీ దాన్ని పూర్తిగా చదివాను.

అందులో నువ్వు రాసింది నీకే మళ్లీ వినిపిస్తాను, ఎందుకంటే రాసేటప్పుడు నీ చెవికి వినపడి ఉండదు. "ఈ వయసుకి నీకు కొండలూ గుట్టలూ ఎందుకక్కా. ఎలాగూ కొండ బస్సు వచ్చే నెల నుంచి సంత ఊరి దగ్గరే ఆగిపోతుంది. నువ్వు స్టాపులో నిలబడి ఎదురుచూస్తావని ముందుగా చెబుతున్నాను. సర్వే చేయించాం. చివరి స్టాపులో ఎక్కేవాళ్లూ లేరు, దిగేవాళ్లూ లేరు. ఖాళీ బస్సుని కొండెక్కించి దించడం ఎవరికి లాభం. మీ ఊళ్లో పార్కు ఉంది కదా, పొద్దున్నే నాలుగు రౌండ్లు కొట్టు. మేం వచ్చినప్పుడు కారులో నిన్ను కొండకి తీసుకెళ్తాం."

ఒరేయ్, పార్కులో గానుగెద్దులా చుట్టూ తిరగడం నడక కాదు. అది పనిష్మెంటు. రౌండు కొట్టినప్పుడల్లా అదే బెంచీ మీద అదే మనిషి అదే పేపరు చదువుతూ తల ఎత్తి "ఇంకా ఎన్ని?" అని అడుగుతాడు. రెండుసార్లు వెళ్లి వచ్చాను. మూడోసారి ఆ మనిషికి జవాబు చెప్పాల్సి వస్తుందని మానేశాను.

కారు సంగతి కూడా చెబుతాను, నువ్వు బస్సు రూట్ల ఆఫీసరువి కాబట్టి నీకు పనికొస్తుంది. కారులో కొండకి వెళ్లినవాడు ఎంత దూరం నడిచినా మళ్లీ ఆ కారు దగ్గరికే రావాలి. వాడి మనసు సగం ఆ కారు దగ్గరే ఉంటుంది. వెనక్కి తిరిగి, చూసిన దారినే మళ్లీ చూసుకుంటూ దిగుతాడు. బస్సులో వెళ్లినవాడికి ఆ బాధ లేదు. కొండకి ఇటువైపు దిగుతాం, శిఖరం దాటి అటువైపు దిగిపోతాం, అక్కడ ఇంకో లైను బస్సు ఎక్కి ఇంటికొస్తాం. వెనక్కి తిరిగే పనే లేదు. ఆ సుఖం కారున్నవాళ్లలో ఎవరికీ తెలీదు, పాపం. నాకు తెలుసు. నాతోపాటు మా జట్టుకి తెలుసు.

మా జట్టు గురించి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మొత్తం ముగ్గురం. సందు మొదట్లో బేకరీ నడిపే ఆవిడ, నేను వదినా అంటాను. పెద్ద గొంతు, పెద్ద సంచీ, ఎక్కడ కూర్చున్నా సంచీలోంచి బన్నులు తీసి ఎదురుగా ఎవరుంటే వాళ్లకి పెట్టేస్తుంది. రెండో ఆయన గడియారాలు బాగుచేసే అన్నయ్య. నోట్లో నాలుక లేని మనిషి. నడకకి వచ్చేటప్పుడు మాత్రం చేతికి వాచీ పెట్టుకోడు. అడిగితే "వారమంతా వాటి గోలే వింటాను కదమ్మా, ఇవాళొక్కరోజు వదిలెయ్యండి" అంటాడు. ఆయన్ని నమ్ముకుని మేం బస్సు తప్పిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

ఈ జట్టు ఎలా కుదిరిందో చెబితేగాని నీకు మిగతాది అర్థం కాదు. మోకాలి ఆపరేషన్ అయ్యాక నన్ను చూడ్డానికి వచ్చావు, గుర్తుందా. మేడమీది గదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాను. నిద్రపోతున్నానని నువ్వు కాసేపు కూర్చుని, దుప్పటి సర్ది వెళ్లిపోయావు. నేను నిద్రపోలేదురా. తమ్ముడు వెళ్తుంటే లేచి వాకిలిదాకా రాలేని మనిషినైపోయానని, ఆ మనిషిని నీకు చూపించడం ఇష్టంలేక అలా పడుకున్నాను. బాత్రూముదాకా గోడ పట్టుకుని వెళ్లొస్తే ఇంట్లోవాళ్లు మెచ్చుకునే రోజులవి. ఆ మెచ్చుకోళ్లు వింటే ఏడుపొచ్చేది.

ఒకరోజు బేకరీ వదిన మెట్లెక్కి వచ్చి, "లే, బస్సెక్కుదాం" అంది.

"ఎక్కడికి?" అన్నాను.

"అది ఎక్కడికి పోతే అక్కడికి. నువ్వు నడవక్కర్లా, అదే నడుస్తుంది. నువ్వు కూర్చోవడమే."

అలా మొదలైంది. మొదట్లో ఊరికే కిటికీ పక్కన కూర్చుని వెళ్లి, అదే బస్సులో కూర్చుని వచ్చేదాన్ని. చెరువు లైను, కాలవ లైను, కొండ లైను. ఊరు దాటగానే నాకు ఊపిరి ఆడేది. ఒకరోజు కొండ బస్సు చివరి మలుపు తిరగబోతుండగా రోడ్డు పక్కన ఒక రాతి గట్టు కనిపించింది. పాలక్యాన్లు పెట్టుకోవడానికి పైనున్న ఇళ్లవాళ్లు ఎప్పుడో కట్టుకున్నది. బస్సు మెట్టుకి సరిగ్గా సమానమైన ఎత్తు. నా మోకాలుకి కావలసింది అదే, ఎక్కడా వంగకుండా, దూకకుండా కాలు పెట్టే చోటు. లేచి బెల్లు కొట్టాను.

డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఇక్కడ స్టాపు లేదమ్మా. స్టాపు స్తంభం మలుపు అవతల ఉంది" అన్నాడు.

"నా మోకాలుకి ఇక్కడే స్టాపు బాబూ" అన్నాను.

"రూలు ఒప్పుకోదమ్మా."

"అయితే రూలుని వచ్చి నన్ను దింపమను."

తలుపు దగ్గర నిలబడి కదల్లేదు. ఆయన నవ్వి, బస్సుని గట్టుకి ఆనుకునేంత దగ్గరగా తెచ్చి ఆపి, "మెల్లగా, మెల్లగా" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన పేరు మాకు మెల్లగా డ్రైవరు. నేను గట్టు మీద కాలు పెట్టి, అప్పటి పాత కర్ర ఆనించి నిలబడ్డాను. ఆపరేషన్ తర్వాత ఎవరూ పట్టుకోకుండా నేను నిలబడిన మొదటి నేల అది. ఆ రోజు గట్టు మీదే కూర్చుని బన్ను తిని వచ్చేశాను. తర్వాత వారం గేటుదాకా, ఇంకో వారం చెట్లదాకా. శిఖరం ఎక్కింది మరుసటి వేసవిలో. అక్కడ గాలికి నా చీర కొంగు వాచీల అన్నయ్య మొహానికి చుట్టుకుంటే ఆయన నోరు మెదపకుండా అలాగే నిలబడ్డాడు. నేను నవ్వాను. అంత నవ్వు నాలో మిగిలి ఉందని నాకే తెలీదు.

ఇప్పుడు దారి నాకు కంఠతా వచ్చు. గట్టు దిగగానే ఇనప తీగె కొక్కెం ఉన్న చెక్క గేటు. దాన్ని వెనకాల వేసి రావడం అన్నయ్య పని, ఎందుకంటే గొర్రెలు. గేటు దాటాక గడ్డిలో సన్నని కాలిబాట. కుడివైపు లోయలో సంత ఊరి పైకప్పులు కనిపిస్తుంటాయి. పైకి వెళ్లేకొద్దీ గొర్రెల చప్పుడు తగ్గి గాలి చప్పుడు మొదలవుతుంది. శిఖరం మీద ఒక పెద్ద బండ, ఎప్పుడూ ఒకవైపు వెచ్చగా ఉంటుంది. అక్కడే మా భోజనం. అటువైపు దిగితే చెట్లు, తేమ వాసన, వాగు మీద ఒకే ఒక్క చెక్క పలక. ఆ పలక మీద మాత్రం వదిన గొంతు వినపడదు, భయం. వాగు దాటాక పాత పిండిమర, దాని ముందు నుంచే కాలవ లైను బస్సు. ఆరు రోజులు పసుపు గోడ చూసిన కళ్లకి ఇదంతా ఏమిటో నేను చెప్పలేను. చెప్పలేకపోయినా వదులుకోను.

ఇక నీ సర్వే దగ్గరికి వస్తున్నాను.

"మా సర్వే ఆయన చాలా జాగ్రత్తగల మనిషి, వారమంతా ఆ స్తంభం కిందే గొడుగు వేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతి బస్సునీ చూశాడు" అని రాశావు చూడు, ఆ గొడుగు దగ్గరికి వచ్చేసరికి నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆ గొడుగు నేను చూశాను. ఆకుపచ్చ చారల గొడుగు, దాని కింద మడత కుర్చీ, కుర్చీలో బట్టతల ఆయన. మేం కాలిబాట మీద సగం ఎక్కి వెనక్కి చూస్తే కింద మలుపు అవతల కనిపించాడు. బేకరీ వదిన "బొమ్మలేసే ఆయన అయ్యుంటాడు, ఎంత ఓపికో" అంది. అన్నయ్య బాగా ఆలోచించి "చేపలు పడుతున్నారేమో" అన్నాడు. అక్కడ చుక్క నీళ్లు లేవు. ఒంటరిగా కూర్చున్నాడు పాపం అని ముగ్గురం చేతులు ఊపాం. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి మరీ చెయ్యి ఊపాడు. మర్యాదస్తుడు. ఊపి, కూర్చుని, ఎవరూ దిగలేదని రాసుకున్నాడు.

తమ్ముడూ, ఆ బస్సులోంచి దిగినవాళ్లమే మేం. మలుపు ఇవతల దిగాం. నీ మనిషి మలుపు అవతల కూర్చున్నాడు. మేమే కాదు, ఆ పైనున్న ఇళ్లవాళ్లందరూ ఇప్పుడు గట్టు దగ్గరే ఎక్కుతారు, గట్టు దగ్గరే దిగుతారు. నేను మొదలుపెట్టిన రెండు వారాలకే పైన గొర్రెలు పెంచే ఆవిడ మొదలుపెట్టింది, ఆ తర్వాత చంటిపిల్లల తల్లులు, మూటలు మోసేవాళ్లు అందరూ అదే పట్టుకున్నారు. మెల్లగా డ్రైవరు అందరినీ దింపేసి, ఖాళీ బస్సుని స్తంభందాకా తీసుకెళ్లి, అక్కడ వెనక్కి తిప్పుకుని, మళ్లీ గట్టు దగ్గరికొచ్చి ఎక్కించుకుంటాడు. నీ సర్వే ఆయన చూసింది ఆ ఖాళీ బస్సుని. ఆయన అబద్ధం రాయలేదు. నువ్వూ అబద్ధం చెప్పడంలేదు. మీరిద్దరూ చాలా జాగ్రత్తగా తప్పు చేశారు.

నీ స్తంభం దగ్గర ఎవరూ ఎందుకు దిగరో అని నేను ప్రత్యేకంగా వెళ్లి దిగి చూశాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పక్కన కాలవలాగా తవ్వారు కదా, స్తంభం సరిగ్గా ఆ గుంట అంచు మీద ఉంది. బస్సు మెట్టు దిగితే కాలు పెట్టాల్సింది గుంటలోనే. మరదలు పంపిన కర్ర పిడి దగ్గరదాకా బురదలోకి దిగిపోయింది. అన్నయ్య నన్ను చంకలకింద పట్టుకుని పైకి లాగాడు. మనిషి చూడ్డానికి అంత సన్నగా ఉంటాడు గానీ, బలం ఉంది. బేకరీ వదిన కుడికాలి చెప్పు ఇంకా అక్కడే ఉంది. నీ ఆఫీసుకి సాక్ష్యం కావాలంటే తవ్వించుకో.

ఈలోగా బస్సులో నోటీసు అంటించారు, కొండ మీదకి బస్సు రద్దు అని, అభ్యంతరాలుంటే ఇక్కడి స్కూలు హాల్లో జరిగే సమావేశంలో చెప్పుకోవచ్చని. నీ సంతకం చూశాను. చిన్నప్పుడు పుస్తకాలన్నిటి మీదా వేసుకున్న అదే సంతకం, ఆ చివరి తోక ఇంకా పొడుగైంది.

గొడుగు సంగతి మెల్లగా డ్రైవరుకి చెప్పక తప్పలేదు. సంత ఊరి దగ్గర బస్సు ఆగినప్పుడు చెప్పాను. ఆయన ఇంజను ఆపేశాడు.

"ఆయనకి రోజూ మంచినీళ్లు నేనే ఇచ్చానమ్మా. ఎండలో కూర్చున్నాడని" అన్నాడు. తర్వాత తనే, "అంటే నా బస్సుని నేనే ఖాళీ చేసి చూపించానన్నమాట" అన్నాడు.

నిజం చెబితే బస్సు నిలబడుతుంది, కానీ స్తంభం లేనిచోట బస్సు ఆపినందుకు ఆయన ఉద్యోగం మీదికొస్తుంది. చెప్పకపోతే ఆయన ఉద్యోగం ఉంటుంది, బస్సు పోతుంది. ఏం చెయ్యమంటావని ఆయన్నే అడిగాను.

"చెప్పండమ్మా. నన్ను సస్పెండు చేస్తే చెయ్యనీండి. పైనున్న పిల్లలు స్కూలుకి ఎలా దిగొస్తారు? గొర్రెలావిడ ఆస్పత్రికి ఎలా వెళ్తుంది?" అన్నాడు.

బేకరీ వదిన అందుకుంది. "ఈ సంతకం పెట్టిన మహానుభావుడెవడో ఒక్కసారి ఈ బస్సెక్కి చచ్చాడా అని. కుర్చీలో కూర్చుని గీతలు గీస్తే సరిపోతుందా? వాడి మొహాన ఆ బురద పుయ్యాలి. ఇంతకీ ఈ గొడుగు సంగతి నీకెవరు చెప్పారు?"

"తెలిసినవాళ్లు ఉత్తరం రాశారు" అన్నాను.

నా నోటితో నేనే అన్నాను ఆ మాట. నా తోడబుట్టినవాణ్ని తెలిసినవాళ్లని చేశాను. ఆ తర్వాత దారి పొడుగునా వదిన నిన్ను తిడుతూనే ఉంది, నేను తలూపుతూనే ఉన్నాను. తిట్లలో సగం నాకూ సబబుగానే అనిపించాయి, అబద్ధం ఎందుకాడాలి. కానీ శిఖరం మీద బండ పక్కన కూర్చుని నా బన్ను తినకుండా తిరిగి వదిన సంచీలోనే పెట్టేశాను. వదిన సంచీ కట్టేస్తూ "ఏంటి, మోకాలా?" అని అడిగింది. అవునన్నాను. మోకాలు ఏ పాపమూ ఎరగదు.

ఇప్పుడు నీ ఉత్తరంలో అన్నిటికన్నా కింద రాసిన మాటకి వస్తున్నాను. సంతకం కూడా పెట్టేశాక, దాని కింద చిన్న అక్షరాలతో రాశావు. "సమావేశానికి నేనే వస్తున్నాను. ముందు రోజు సాయంత్రం మీ ఇంట్లోనే దిగుతాను, ఎవరికీ చెప్పకు. మర్నాడు నువ్వు మాత్రం హాలుకి రావద్దు. ఒకవేళ వచ్చినా మనం తెలిసినవాళ్లమని ఎవరూ అనుకోకుండా చూడు. నా ఉద్యోగానికి ఇబ్బంది."

చదివి ఆ కాగితాన్ని కుట్టుమిషను మీద పెట్టి, ఒక పంట్లాము నడుము మొత్తం విప్పి మళ్లీ కుట్టాను. దానికి ఏ లోపమూ లేదు. చేతులు ఊరుకోలేదు, అంతే. బాధపడ్డానురా. నీ దగ్గర దాచడం నాకు చేతకాదు. కొండ బస్సు ఆపేస్తానంటే కోపం వచ్చింది. నీ అక్కనని చెప్పొద్దంటే మాత్రం ఎక్కడో లోపల తెగినట్టయింది.

అందుకని కుండబద్దలు కొట్టినట్టు చెబుతున్నాను, విను. నేను ఇప్పటిదాకా దాచిపెట్టింది ఇదే. ఆ సమావేశంలో మాట్లాడతామనేవాళ్ల పేర్లు తీసుకుంటుంటే నేను వెళ్లి నా పేరు ఇచ్చి వచ్చాను. మొట్టమొదట మాట్లాడేది నేనే. నీ ఉత్తరం అందాక, చదివాక, తెలిసే ఇచ్చాను. ఏం మాట్లాడబోతున్నానో కూడా ముందే చెబుతున్నాను, నిన్ను నలుగురిలో చాటుదెబ్బ కొట్టడం నాకిష్టం లేదు.

మలుపు దగ్గర బస్సు ఆపించింది నేనని చెబుతాను. తలుపుకి అడ్డంగా నిలబడి, రూలు చెప్పినా వినకుండా ఆపించానని, కాబట్టి ఎవరినైనా శిక్షించాలంటే డ్రైవరుని వదిలి నన్ను శిక్షించమని చెబుతాను. నన్ను సస్పెండు చెయ్యడానికి మీ దగ్గర ఏ రూలుందో వెతికించుకో. స్తంభం దగ్గర కాకుండా గట్టు దగ్గర మళ్లీ సర్వే చెయ్యమంటాను. కావాలంటే అదే గొడుగు, అదే బట్టతల ఆయన. ఆయనకి బన్నులు మేం పెడతాం. స్తంభాన్ని పీకి గట్టు పక్కన పాతమంటాను. బస్సుని కదిలించడం కన్నా స్తంభాన్ని కదిలించడం తేలిక కదా, నువ్వు చదువుకున్నవాడివి, నువ్వే చెప్పు. ఇంకో మాట కూడా అంటాను. ఆ కొండ కార్లున్నవాళ్లది మాత్రమే కాదు. మా దగ్గర కారు లేదు, కొనేదీ లేదు. మాకు కాళ్లున్నాయి, ఆ కాళ్లని కొండదాకా చేర్చే బస్సు ఉంది. దాన్ని మా నుంచి లాక్కోవడానికి మేం ఒప్పుకోం.

ఇవన్నీ తర్వాత. వీటన్నిటికన్నా ముందు, మైకు అందుకోగానే నేను చెప్పబోయే మొదటి మాట వేరే ఉంది. "ఈ కుర్చీలో కూర్చున్న ఆఫీసరు గారు నా సొంత తమ్ముడు" అని చెబుతాను. బేకరీ వదిన అక్కడే ఉంటుంది. ఇన్నాళ్లూ ఎందుకు దాచావని నా మీద మండిపడుతుంది, నెల రోజులు మాట్లాడదేమో. అన్నయ్య ఎప్పుడూ మాట్లాడడు కాబట్టి ఆయన సంగతి తెలీదు. పడతాను. దాచిపెట్టి గెలిస్తే, అక్క కోసం తమ్ముడు చేశాడని రేపు ఎవడో ఒకడు బయటపెట్టి నీ ఉద్యోగానికే ఎసరు పెడతాడు. దాచిపెట్టి ఓడిపోతే నా బాధ నేనెవరికీ చెప్పుకోలేను. రెండూ నాకొద్దు. అందరిముందూ నీ అక్కగా నిలబడి నీతో పోట్లాడతాను. నువ్వు నా తమ్ముడిగా కూర్చుని విని, ఆఫీసరుగా ఏది సబబో అది తేల్చు. ఆ కుర్చీలో నువ్వు కూర్చోవడం తప్పనిపిస్తే ఇంకొకరిని పంపించు. నా మొదటి మాట మాత్రం మారదు.

ముందు రోజు సాయంత్రం మా ఇంటికి రావద్దు. ఈ మాట రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను, కాగితం చూస్తే నీకే తెలుస్తుంది. నిన్ను మా గడప తొక్కొద్దని నేను రాస్తానని కలలో కూడా అనుకోలేదు. నువ్వు వచ్చి నాలుగేళ్లు దాటుతోంది. అయినా వద్దు. ఎవరికీ తెలియకుండా అక్క ఇంటికి రావడం ఏమిట్రా, దొంగతనమా? మీ వాళ్ల గెస్టుహౌసులో ఉండు. సమావేశం అయిపోయాక, బస్సు ఉన్నా పోయినా, పట్టపగలు సందు మొదటి నుంచి అందరూ చూస్తుండగా నడుచుకుంటూ రా. నీ మంచం మీద ఉతికిన దుప్పటి ఉంటుంది. మీ బావకి ఇదంతా చదివి వినిపించాను. "మీ తమ్ముడు గెలిస్తే వాడితో మాట్లాడను, నువ్వు గెలిస్తే నిన్ను పట్టుకోలేం, నాకు రెండు రకాలుగానూ నష్టమే" అన్నారు. కానీ ఆ రోజు హాలుకి తానూ వస్తానని, దగ్గు రాకుండా ముందే మందు వేసుకుంటానని అన్నారు. టీవీ వదిలి వస్తానన్నారంటే సంగతి ఎంతదాకా వచ్చిందో నువ్వే ఆలోచించుకో.

ఈ ఉత్తరం అందాక నువ్వు ఫోను చేస్తావని తెలుసు. చెయ్యి, మీ బావ కులాసాలూ, పాప చదువూ మాట్లాడుకుందాం. సమావేశం మాట మాత్రం ఫోనులో ఎత్తకు. బతిమాలితే నేను కరిగిపోతానేమోనని నాకే భయం, అందుకే ముందు పేరిచ్చి తర్వాత ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే సందులో తలెత్తుకు తిరగలేను.

నువ్వు నా తమ్ముడివని చెప్పుకోవడానికి నాకు ఏనాడూ సిగ్గు లేదు, నువ్వు ఆ బస్సు ఆపేసినా ఉండదు. నేను నీ అక్కనని చెప్పుకోవడానికి నీకు సిగ్గయితే, నేను దిగాక అదే మైకు తీసుకుని, నా మొహం చూసి, ఆ మాట నువ్వే చెప్పు.

ఇట్లు,
ఆ రోజు మొదటి వరసలో, నీ కుర్చీకి ఎదురుగా కూర్చోబోయే
మీ అక్క